గ్లాసు కొలతా, గ్రాముల తూకమా: ఏది మేలు?

డాలస్‌లో ఉండే మా అక్క కూతురు పోయిన ఎండాకాలం ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మమ్మ పెట్టే మామిడికాయ తొక్కు కొలతలు గ్రాముల్లో చెప్పవా?" హన్మకొండలో మా ఇంట్లో ఎవరికీ ఆ లెక్క తెలియదు. ఆరు గిన్నెల ముక్కలకు గిన్నె ఉప్పు, గిన్నె కారం. అమ్మ చెప్పేది అంతే. చివరికి ఒక చిన్న డిజిటల్ కాంటా కొన్నాను.

ముందు మా స్టీలు గ్లాసు సంగతి తేల్చాను. నిండా నీళ్లు పోసి తూస్తే 240 గ్రాములు. నీళ్లు మిల్లీలీటరుకు ఒక గ్రాము కాబట్టి గ్లాసు 240 మిల్లీలీటర్లది. అదే గ్లాసుకు బియ్యం 200, పల్లి నూనె 220 వచ్చాయి. మైదా జల్లించి పోస్తే 120, డబ్బాలో ముంచి నొక్కితే 150. గిర్నిలో అప్పుడే పట్టించిన కారం 105 ఉంది, గ్లాసును బండ మీద రెండుసార్లు తట్టి మళ్లీ నింపితే 130 అయింది. బియ్యం ఎలా పోసినా పెద్దగా మారదు. మోసం చేసేవి పిండ్లు, పొడులే.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది ఉప్పు. అమ్మ తొక్కుకు వాడేది దొడ్డుప్పు. గడ్డల మధ్య సందులుంటాయి కాబట్టి మా గిన్నెకు 220 గ్రాములే పట్టింది. మెత్తటి ప్యాకెట్ ఉప్పు అదే గిన్నెకు 290 దాటింది. రెండేళ్ల కింద నేను దొడ్డుప్పు దొరక్క మెత్తటిది గిన్నెడు పోసి పెట్టిన తొక్కు ఎవరూ నోట్లో పెట్టుకోలేకపోయారు. అప్పుడు కాయ పులుపు లేదని తిట్టుకున్నాను. తప్పు కాయది కాదు. అందుకే తొక్కులో ఉప్పు, కారం రెండూ తూచే వేయాలంటాను. కారంలో ఇంకో చిక్కు ఉంది. రంగు బాగుండి ఘాటు తక్కువుండే మన చపాటా మిర్చికీ, ఘాటు మిర్చికీ గ్రాములు సమానమైనా మంట సమానం కాదు. అది కాంటా చెప్పదు, నాలుకే చెప్పాలి.

మరి ఇంటర్నెట్‌లో కనిపించే కప్పుల పట్టికల సంగతి? వాటిని నేను నమ్మను. అమెరికా కప్పు 240 మిల్లీలీటర్ల దగ్గర, మెట్రిక్ కప్పు 250, కరెంటు రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180. ఏ కప్పో రాయకుండా "ఒక కప్పు రవ్వ" అంటే ఏం వేయాలి?

అన్నానికి మాత్రం కాంటా తీయను. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, గ్లాసు ఏదైనా నిష్పత్తి నిష్పత్తే. ఉప్మాకూ అంతే. కేకుకైతే తూకమే, చర్చ లేదు. గిన్నె కాంటా మీద పెట్టి సున్నా బటన్ నొక్కుతూ ఒక్కోటి వేసుకుంటూ పోతే కడగాల్సిన గ్లాసులు కూడా తగ్గుతాయి. కానీ వంటసోడా, ఇంగువ లాంటి ఒకటి రెండు గ్రాముల వాటికి ఈ చవక కాంటాలు పనికిరావు. అక్కడ 5 మిల్లీలీటర్ల చెంచానే నయం.

సకినాలకు రెండూ పనిచేయవు. నానబోసిన బియ్యం ఎంత ఆరిందో బట్టి పిండిలో తడి మారుతుంది, కాంటా ఆ నీళ్లను కూడా కలిపే తూస్తుంది. పిండి వేళ్ల మధ్య తెగకుండా తిరిగిందా లేదా, అదే చూడాలి.

తొక్కు లెక్క పంపాక పిల్ల మళ్లీ అడిగింది, "సకినాల్లో పిడికెడు నువ్వులంటే ఎన్ని గ్రాములు?" అమ్మ పిడికిలి మూడుసార్లు తూచాను. 34, 47, 41. "ఏదో ఒకటి రాయి" అంది అమ్మ. 40 అని రాశాను. నువ్వులకు ఆ తేడా లెక్కలోది కాదు.