బుడిపె చెక్క పిడి కత్తి: మూడున్నరేళ్ళ వాడకం తర్వాత

బ్లేడు గురించి పెద్దగా చెప్పను. హై కార్బన్ స్టీలు, పదును బాగా పడుతుంది, తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. నేను ఈ కత్తి కొన్నదే పిడి చూసి. మేపుల్ చెట్టు కాండం మీద కణితిలా ఉబ్బే బుడిపె ఉంటుందే, ఆ చెక్కతో చేశారు. మామూలు చెక్కలో నార ఒకే దిక్కున సాగుతుంది. ఇందులో సుడులు తిరుగుతుంది, మధ్యమధ్యలో పిట్ట కళ్ళలాంటి చుక్కలు. వెలుతురులో అటూ ఇటూ తిప్పితే లోపల ఏదో కదిలినట్టుంటుంది. పని ఆపేసి పిడి చూస్తూ నిలబడిపోయిన రోజులున్నాయి.

కొత్తలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాను: రెసిన్ (లోపల గట్టిపడే జిగురులాంటి ద్రవం) ఎక్కించిన చెక్క వద్దు, ప్లాస్టిక్ పట్టుకున్నట్టుంటుంది, ఏమీ ఎక్కించని చెక్క పిడే కొనండి అని.

తర్వాత గాలి పొడిబారే రోజులు వచ్చాయి. ఒకరోజు కత్తి పట్టుకోగానే అరచేతిలో చురుక్కుమంది. చూస్తే పిడి రెండు చెక్కల మధ్య ఉండే ఇనుము అంచు పైకి లేచి ఉంది, గోటికి తగిలేంత. నిజానికి లేచింది ఇనుము కాదు, చెక్కే కుంచించుకుపోయింది. నాకు తెలివి ఎక్కువ కదా, తడిగుడ్డ చుట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున్నకల్లా సమానమైపోయింది. వారం తిరక్కుండానే అంచు మళ్ళీ తేలింది. పైగా వెనక రివెట్ దగ్గర వెంట్రుకంత పగులు.

చేసినతనికి ఫోటో పంపాను. "ఇప్పుడే ఆ ఇనుమును అరగదీసేయండి, తేమ రోజుల దాకా ఆగితే మళ్ళీ ఇదే గోల" అన్నాడు. తను పిడి నునుపు చేసింది తేమ రోజుల్లోనేనని అప్పుడు ఒప్పుకున్నాడు. కాస్త కోపం వచ్చింది కానీ సలహా మంచిదే. పగుల్లో చెక్కపొడి కూరి సూపర్ గ్లూ పోశాను, శాండ్‌పేపర్‌తో ఇనుమును సమం చేశాను. ఇప్పుడు తేమ ఎక్కువైనప్పుడు చెక్కే కొంచెం ఉబ్బుతుంది. అది చేతికి గుచ్చుకోదు.

ఏడాదికి రెండుసార్లు అవిసె నూనె రాస్తున్నాను. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి పడేయకండి, ఆరేటప్పుడు దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. పరిచి ఆరబెట్టండి.

ఈ కత్తి నేనొక్కడినే వాడతాను, వాడిన వెంటనే కడిగి తుడిచేస్తాను కాబట్టి నాకు నడిచిపోతోంది. సింకులో గిన్నెలతోపాటు నానేసే ఇంటికైతే రెసిన్ చెక్కే నయమేమో. మా అన్నయ్యకి అదే కొనిచ్చాను. పట్టుకుంటే ఇప్పటికీ ప్లాస్టిక్‌లాగే ఉంది, పగులు మాత్రం రాలేదు.