‘లో-కార్బ్’ చికెన్ ప్యాకెట్ కొనేముందు వెనక్కి తిప్పి చదవండి

బెంగళూరులో ఉంటూ, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకి రాత్రిపూట అన్నం మాన్పించి చికెన్ వండిపెడుతున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి.

మావారికి మూడేళ్లుగా షుగర్. మారతహళ్లి ట్రాఫిక్ దాటి నేను ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. ఆ టైములో మసాలా నూరి పట్టించే ఓపిక ఉండదు. అందుకే పోయిన మంగళవారం మసాలా పట్టించిన బోన్‌లెస్ చికెన్ యాప్‌లో తెప్పించాను. 450 గ్రాములు, 349 రూపాయలు. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ‘లో-కార్బ్’ (అంటే పిండిపదార్థాలు తక్కువ అని), దాని కింద ‘చక్కెర 0’.

కాలిన పెనం మీద చికెన్ వేస్తే చుయ్‌మనాలి. ఇది రెండు నిమిషాల్లో నీళ్లు ఊరి, ఆ నీళ్లలోనే ఉడకడం మొదలుపెట్టింది. నీరు ఇగిరాక పెనం అడుగున తెల్లటి పొర, గంజి ఎండినట్టు అట్టకట్టింది. గరిటెతో గీకితే జిగురుగా సాగింది. అనుమానం వచ్చింది కానీ ఆయన ఆకలి మీదున్నారు, పెట్టేశాను. పక్కన కీరా ముక్కలు తప్ప ఇంకేమీ తినలేదు. తిన్న రెండు గంటల తర్వాత షుగర్ మీటర్ పెడితే 228. ఆ టైముకి మామూలుగా 150 దాటదు. ఇద్దరికీ టెన్షన్, సరిగ్గా నిద్రే లేదు.

చెత్తబుట్టలోంచి కవరు తీసి చదివాను. చికెన్, నీళ్లు, ఆ వెంటనే కార్న్‌ఫ్లోర్, మాల్టోడెక్స్ట్రిన్ (స్టార్చ్ నుంచి తీసే పొడి). ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలి, కాబట్టి మసాలాల కంటే పిండే ఎక్కువన్నమాట. 100 గ్రాములకి కార్బోహైడ్రేట్ 11 గ్రాములు. అంటే ప్యాకెట్ మొత్తానికి దాదాపు 50, మూడు పుల్కాలతో సమానం. ఉత్త చికెన్‌లో కార్బ్స్ దాదాపు ఉండవు. మరి ‘చక్కెర 0’ ఎలా రాశారంటే, కార్న్‌ఫ్లోర్‌లో ఉన్నది స్టార్చ్, అది చక్కెర లెక్కలోకి రాదు. మాల్టోడెక్స్ట్రిన్ కూడా చాలావరకు అంతే, కానీ రక్తంలో షుగర్‌ని గ్లూకోజ్ అంత వేగంగా పెంచుతుంది. చక్కెర వరస కాదు, మొత్తం కార్బోహైడ్రేట్ వరస చూడండి.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘మా నగెట్స్‌తో పోలిస్తే తక్కువే మేడమ్’ అన్నారు. షుగర్ పేషెంట్ ఉన్న ఇంటికి ఇచ్చే సమాధానమా అది! సగం డబ్బు వాలెట్‌లో వేస్తామంటే వద్దని, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను.

గురువారం కొట్లో కళ్లముందే కోయించిన 400 గ్రాముల బోన్‌లెస్ తెచ్చాను. కడిగి, బట్టతో తడి లేకుండా అద్ది (ఇదే ముఖ్యం), ఉప్పు, పసుపు, మిరియాల పొడి, అల్లంవెల్లుల్లి, రెండు చెంచాల నూనె పట్టించాను. ఇనుప పెనం బాగా కాలాక ముక్కలు ఒకదానికొకటి తగలకుండా రెండు విడతలుగా వేశాను. ఒక్కో వైపు నాలుగేసి నిమిషాలు, లోపల గులాబీ రంగు పోయేదాకా. చివర్లో కరివేపాకు, నిమ్మరసం. మసాలాతో సహా పాతిక నిమిషాలు పట్టింది. ఆ రాత్రి మీటర్ 143 చూపించింది.

మీకూ ఇలాంటిది తగిలితే కవరు, బిల్లు పారేయకండి. ఫిర్యాదు చేసేటప్పుడు నన్ను మొదట అడిగింది బ్యాచ్ నంబరే.