ఆల్ట్-జె ‘యాన్ ఆసమ్ వేవ్’: ఈ బ్యాండ్‌ని ఇక్కడినుంచే మొదలుపెట్టండి

ఇంగ్లండ్ బ్యాండ్ ఆల్ట్-జె వినాలనుకునేవాళ్లు 2012లో వచ్చిన ఈ తొలి ఆల్బమ్‌తోనే మొదలుపెట్టాలి. తర్వాతి ఆల్బమ్‌లలో హంగు పెరిగింది కానీ ఇంత బిగువు మళ్లీ రాలేదు.

2007లో లీడ్స్ యూనివర్సిటీలో చదువుతున్న నలుగురు కుర్రాళ్లు కట్టిన బ్యాండ్ ఇది. జో న్యూమన్, టామ్ గ్రీన్, గ్విల్ సెయిన్స్‌బరీలది ఫైన్ ఆర్ట్, గస్ అంగర్-హామిల్టన్‌ది ఇంగ్లిష్ లిటరేచర్. ప్రాక్టీసంతా హాస్టల్ గదుల్లోనే. పక్కగదివాళ్లకు ఇబ్బంది లేకుండా వాయించాలి కాబట్టి బేస్ గిటార్, బేస్ డ్రమ్ పక్కన పెట్టేశారు. ఆ ఇరుకులోంచే వీళ్ల బాణీ పుట్టింది. డ్రమ్స్ వాయించే టామ్ గ్రీన్ సెట్‌లో ఈ ఆల్బమ్‌కి సింబల్స్ (కర్రతో కొట్టే లోహపు పళ్లేలు) కూడా లేవు. మామూలు రాక్ పాటలో సింబల్ మోత పైస్థాయినంతా కమ్మేస్తుంది. ఇక్కడ ఆ జాగా ఖాళీగా ఉంటుంది కాబట్టి న్యూమన్ గొంతూ, దానికి జతగా పాడే అంగర్-హామిల్టన్ గొంతూ విడివిడిగా తెలుస్తాయి. నిర్మాత చార్లీ ఆండ్రూ ఆ ఖాళీని నింపకుండా వదిలేయడం గొప్ప పని.

‘బ్రీజ్‌బ్లాక్స్’ చివరి నిమిషం జాగ్రత్తగా వినండి. ఒకే పల్లవి తిరిగి తిరిగి వస్తుంటే గొంతులు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. ప్రేమపాటలా వినిపిస్తూనే, వెళ్లిపోతానన్న మనిషిని బలవంతంగా ఆపే పాట అది. ‘టారో’ యుద్ధ ఫొటోగ్రాఫర్లు రాబర్ట్ కాపా, గెర్డా టారోల గురించి. 1954లో ఇండోచైనాలో మందుపాతర పేలి కాపా చనిపోయిన క్షణం అందులో ఉంది. కవర్ మీది రంగుల చిత్రం మన గంగా డెల్టాదే, రాడార్‌తో తీసింది.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినొద్దు. ‘ఫిట్జ్‌ప్లెజర్’ ఉత్త గొంతులతో మొదలై, ఒక్కసారిగా సింథ్ బేస్ (సింథసైజర్‌తో పుట్టించే లోతైన కింది స్వరం) దిగుతుంది. చిన్న స్పీకర్ ఆ కింది స్వరాల్ని పలికించలేదు, పాట డొల్లగా వినిపిస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, బేస్ బూస్ట్ ఆపేయండి, లేకపోతే ఆ బేస్ గొంతుల్ని మింగేస్తుంది. షఫుల్ వద్దు, ఒక పాట చివరను తర్వాతి పాటలో కలిపేసే క్రాస్‌ఫేడ్‌ని సున్నా చేయండి. పాటల మధ్య మూడు చిన్న ఇంటర్‌లూడ్‌లు (వంతెనల్లాంటి ముక్కలు) ఉన్నాయి, వరస తప్పితే అవి అతకవు. సీడీ కొన్నవాళ్లు ‘టారో’ అవగానే తీసేయకండి, వెనకాల ఇంకో పాట దాగి ఉంది.

లోపం ఉచ్చారణలోనే. న్యూమన్ మాటల్ని ముక్కుతో పలికి సగం మింగేస్తాడు. మొదటిసారి లిరిక్స్ ఎదురుగా పెట్టుకుంటేనే అర్థమవుతుంది. ‘ఎమ్ఎస్’ పాట దగ్గర వేగం కాస్త పడిపోతుంది కూడా.

బ్రిటన్, ఐర్లాండ్‌లలో ఏటా మేటి ఆల్బమ్‌కిచ్చే మెర్క్యురీ ప్రైజ్ 2012లో దీనికే వచ్చింది. 2014 మొదట్లో సెయిన్స్‌బరీ తప్పుకున్నాడు. అదే ఏడాది వచ్చిన ‘దిస్ ఈజ్ ఆల్ యువర్స్’ బ్రిటన్‌లో నంబర్ వన్ అయినా సాగదీత ఎక్కువ. 2017 నాటి ‘రిలాక్సర్’లో ఎనిమిదే పాటలు, అవీ ఒకదానికొకటి పొసగవు. ‘3డబ్ల్యూడబ్ల్యూ’ ఒక్కటి చాలు. ఇది విన్నాక తర్వాతి ఆల్బమ్‌గా 2022 నాటి ‘ది డ్రీమ్’ తీసుకోండి. అందులో ‘గెట్ బెటర్’ దాదాపు ఒక్క గిటార్ మీదే నడుస్తుంది, తోడును పోగొట్టుకున్న మనిషి మాట్లాడుతున్నట్టు.