విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: ఢిల్లీ మీదుగానా, సింగపూర్ మీదుగానా?

భూగోళం మీద దారం పెట్టి కొలిస్తే విశాఖపట్నం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 13,300 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం లేదు కనుక, పిల్లల దగ్గరికి బయలుదేరే ప్రతి ఇంట్లోనూ ఇదే తర్జనభర్జన.

కిలోమీటర్ల లెక్కలో ఢిల్లీకి తిరుగులేదు. ఢిల్లీకి 1,360, అక్కడి నుంచి దాదాపు 12,400. సింగపూర్ దారిలో ముందు ఆగ్నేయంగా 2,900, ఆపైన 13,600. అంటే 2,700 కిలోమీటర్ల పైచిలుకు చుట్టు. హైదరాబాద్, దుబాయ్ మీదుగానూ ఇంచుమించు అంతే దూరం, పైగా రెండుసార్లు మారాలి. దాన్ని పక్కన పెట్టేద్దాం.

అయితే దూరం తగ్గితే సమయం తగ్గుతుందన్న భరోసా లేదు. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపు మళ్లించింది. దారం కొలత 12,400 అయినా, విమానం నిజంగా ఎగిరే దారి 13,900 కిలోమీటర్ల నుంచి 15,300 అయింది. అయినా విమానం దాదాపు రెండు గంటలు ముందే, పద్నాలుగున్నర గంటల్లో దిగింది. పడమటి నుంచి తూర్పుకు వీచే పైగాలులు వెనక నుంచి తోయడమే కారణం. సింగపూర్ విమానానికీ పోయేటప్పుడు ఆ గాలి కలిసొస్తుంది, వచ్చేటప్పుడు ఎదురై గంటకు పైగా తినేస్తుంది. మొత్తం మీద గాలిలో గడిపే సమయంలో ఢిల్లీకి ఉన్న ఆధిక్యం రెండు గంటలకు అటూ ఇటూ, అంతే.

ఆ రెండు గంటలూ నేల మీద ఇట్టే కరిగిపోతాయి. ఢిల్లీ దారిలో ఇమ్మిగ్రేషన్ ఢిల్లీలోనే. విశాఖ విమానం వేరే టెర్మినల్‌లో దిగితే మూడో టెర్మినల్‌కు బస్సులో వెళ్లాలి. డిసెంబరు, జనవరిలో పొగమంచు ఏ పూట ఏం చేస్తుందో చెప్పలేం. తిరుగు ప్రయాణం మరీ చికాకు: అంతసేపు కూర్చుని వచ్చాక సాధారణంగా అక్కడే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ విశాఖ విమానానికి అప్పగించాలి. సింగపూర్ దారిలో ఈ తతంగమంతా విశాఖలోనే, మన భాష వినపడే చోట ముగుస్తుంది.

అందుకే తొలిసారి వెళ్లే తల్లిదండ్రులకు నేను సింగపూరే చెబుతాను. సెలవు తక్కువగా ఉన్న కుర్రవాళ్లకు ఢిల్లీ మేలు. విశాఖ–ఢిల్లీ విమానాలు ఎక్కువ కాబట్టి ఒకటి తప్పినా మరొకటి దొరుకుతుంది. సింగపూర్‌ది తప్పితే కనీసం మర్నాటి దాకా ఆగాలి. గాజువాక, అనకాపల్లి వైపు వారు నగరానికి ఉత్తరాన భోగాపురంలోని కొత్త విమానాశ్రయం నుంచి ఎక్కాల్సి వస్తే ఆ రోడ్డు ప్రయాణాన్నీ లెక్కలో వేసుకోవాలి.

సింగపూర్‌కు ఓటు వేయడానికి షరతు ఒక్కటే: రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉండాలి. చవకని విడివిడిగా కొంటే అక్కడ పెట్టెల కోసం బయటికి రావాలి, అప్పుడు సింగపూర్ ప్రవేశ అనుమతి వ్యవహారం మొదలవుతుంది.