ఉప్పునీట మునిగిన కారుకు డబ్ల్యూడీ-40 ఎంతవరకు పనికొస్తుంది?

నీలం, పసుపు రంగుల ఈ డబ్బా తలుపు బందులు కీచుమంటే కొట్టే మందుగానే చాలామందికి తెలుసు. కానీ దీన్ని తయారుచేసింది లోహం మీద నుంచి తేమను తరిమి, తుప్పును ఆపడానికి. 1953లో శాన్‌డియాగోలోని రాకెట్ కెమికల్ కంపెనీ దీన్ని తెచ్చింది. మొదట్లో అమెరికా అట్లాస్ క్షిపణి పైరేకుకు తుప్పు పట్టకుండా వాడారు. 1961లో కార్లా హరికేన్ అమెరికా గల్ఫ్ తీరాన్ని ముంచెత్తినప్పుడు, నీట నానిన వాహనాలను, యంత్రాలను బాగుచేసుకోవడానికి దీనికి గిరాకీ వచ్చింది. ఉద్యోగులు శనివారం కూడా పనిచేసి, మొదటిసారి ఒక పూర్తి ట్రక్కు లోడు పంపారు. కాబట్టి తుపాను తర్వాత కారు ప్రియులు ముందుగా ఈ డబ్బా కోసం చెయ్యి చాచడంలో తప్పేమీ లేదు. తప్పంతా దాన్ని అన్నిటికంటే ముందు వాడటంలోనే ఉంది.

ఇది నీటిని తరుముతుంది, ఉప్పును మాత్రం కరిగించదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ తడి మీదే స్ప్రే కొడితే నీరు పక్కకు జరుగుతుంది, ఉప్పు అక్కడే నూనె పొర కింద చిక్కుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు తనంతట తానే నీటిని పీల్చి మళ్లీ తడిసిపోతుంది. తీరప్రాంతంలో తేమ రాత్రిపూట ఈ గీత దాటడం మామూలే. పైకి నిగనిగలాడుతూనే లోపల తుప్పు సాగిపోతూ ఉంటుంది. అందుకే వరస ఎప్పుడూ ఒకటే: మంచినీళ్లు, గాలి, ఆ తర్వాతే ఈ డబ్బా.

కారు దగ్గరికి వెళ్లగానే తాళం తిప్పకండి. ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. దీని ఆవిరి మండే గుణం ఉన్నది, తడి వైర్ల కనెక్టర్‌లో చిన్న నిప్పురవ్వ చాలు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లయితే ఈ మాటలేవీ వర్తించవు. ఉప్పునీట మునిగిన లిథియం బ్యాటరీ రోజులు, వారాల తర్వాత కూడా అంటుకోవచ్చు. బండిని ఇళ్లకు, వేరే వాహనాలకు కనీసం 50 అడుగుల దూరంలో ఉంచి, ఎక్కువ వోల్టేజీ ఉండే నారింజ రంగు కేబుళ్ల జోలికి పోకుండా కంపెనీవాళ్లకే వదిలేయండి.

ఇంజన్ విషయంలో ఈ మందు నిజంగా విలువైనది. ఆయిల్ మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) మీద ఆయిల్ గుర్తు దాటి ఉన్నా, పాలు కలిపిన కాఫీలా కనిపించినా లోపలికి నీరు చేరినట్టే. ఆ స్థితిలో స్టార్టర్ కొడితే నీరు నొక్కుకుపోదు కాబట్టి పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సిలిండర్ లోపలి నొక్కుడు, అంటే కంప్రెషన్, ఎక్కువుండే డీజిల్ ఇంజన్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పెట్రోల్ ఇంజనైతే స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఇంజన్ ముందువైపు బెల్టు తిరిగే క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి, ఇంజన్ తిరిగే దిశలోనే చేత్తో రెండు చుట్లు తిప్పండి. రంధ్రాల్లోంచి నీరు బయటికి వచ్చేశాక ఒక్కో సిలిండర్‌లో రెండు, మూడు సెకన్లు స్ప్రే కొట్టి, మళ్లీ తిప్పండి. ఇక్కడితో ఆగకూడదు. ఇందులో ఎక్కువ భాగం పల్చని సాల్వెంటే (ద్రావకమే), అది సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. కాబట్టి ఒక్కోదానిలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్, అంటే సుమారు 10 మిల్లీలీటర్లు పోసి ఇంకోసారి తిప్పాలి. ఆవిరి పూర్తిగా పోయేదాకా ప్లగ్గులు బిగించవద్దు. ఆయిల్, ఫిల్టర్ మార్చి, కాసేపు నడిపి, మళ్లీ మార్చాలి. నీరు నిలిచిన సిలిండర్‌లో పిస్టన్ రింగులు గోడలకు తుప్పుతో అతుక్కోవడానికి ఎన్నో రోజులు పట్టదు. మెకానిక్ దొరికేదాకా ఇంజన్‌ను కాపాడటానికి ఇంతకంటే సులువుగా దొరికే వస్తువు లేదు.

వైరింగ్ దగ్గర మాత్రం ఎక్కువమంది పని చెడగొట్టుకుంటారు. కనెక్టర్ విప్పకుండా పైనుంచి కొట్టడం వల్ల ఏమీ జరగదు. లాక్ నొక్కి విడదీసి, రెండు ముక్కలనూ మంచినీళ్లతో రెండు, మూడుసార్లు కడిగి, చివరిసారి డిస్టిల్డ్ వాటర్ పోయండి. తక్కువ ఒత్తిడి గాలితో ఊదండి. పిన్నుల మొదట్లో ఆకుపచ్చ పొడి కనిపిస్తే తీగ ఇన్సులేషన్‌ను కొంచెం వెనక్కి కోసి చూడాలి. రాగి నల్లబడి ఉంటే ఉప్పునీరు తీగ లోపలికి పాకింది, అంతమేర కోసి కొత్త ముక్క వేయాల్సిందే, ఏ స్ప్రేతోనూ అది బాగుపడదు. పిన్నులు శుభ్రంగా ఉంటే కొద్దిగా కొట్టి, పది నిమిషాలాగి, ఊదేసి, ఆపైన కాంటాక్ట్ క్లీనర్‌తో నూనె మిగులు తీసేయండి. ఆ మిగులు ఉంటే దుమ్ము పడుతుంది. సీలు చుట్టూ పల్చగా డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) రాసి బిగిస్తే సరి. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని ముట్టవద్దు, మునిగిన ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌ను, ప్రమాదంలో సీటుబెల్టును బిగించే ప్రీటెన్షనర్‌ను మార్చడమే మార్గం.

కొట్టకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. బ్రేక్ డిస్కులు, ప్యాడ్ల మీద ఒక్క చుక్క పడినా పట్టు పోతుంది, అక్కడ బ్రేక్ క్లీనర్ ఒక్కటే. గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్‌కు దాని క్లీనర్ వేరే ఉంది. వీల్ బేరింగుల్లో కొడితే ఉన్న గ్రీజు కూడా పల్చబడి జారిపోతుంది; వాటిని విప్పి కడిగి కొత్త గ్రీజు నింపాలి, సీల్డ్ బేరింగైతే మార్చాలి. పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ మీద వాడొద్దని తయారీదారే చెబుతాడు, హెడ్‌లైట్ అద్దాలు సాధారణంగా దానితో చేసినవే. తుంపర పడితే వెంటనే తుడిచేయండి.

గ్యారేజీలో నానిన పానాలు, సాకెట్లు, సీటు పట్టాలు, తాళం రంధ్రాలు, బోనెట్ బందులు — వీటికి మాత్రం కళ్లు మూసుకుని సిఫారసు చేయవచ్చు. కడిగి, ఆరబెట్టి, తడిగా కనిపించేంత కొట్టి వదిలేయడమే. సాకెట్లు తిప్పే రాట్చెట్ పిడిని మాత్రం విప్పి, లోపల పళ్లకు మళ్లీ ఆయిల్ వేయాలి.

ఎక్కువకాలం కాపలా కాయడం దీని పని కాదు. సాల్వెంట్ ఆరిపోయాక మిగిలే పొర చాలా పల్చన, బండి అడుగున చక్రాల నీళ్లు పడేచోట త్వరగా కడుక్కుపోతుంది. ఛాసిస్‌లోని బోలు భాగాల్లోకి, డోర్ల అడుగు అంచుల్లోకి తర్వాత ల్యానోలిన్ (గొర్రె ఉన్ని కొవ్వు) లేదా మైనం ఆధారిత తుప్పు నిరోధకం పట్టించాలి. దానికి ముందు నీరు కారే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో పుల్లతో పొడిచి చూడండి. బురద అడ్డం పడితే లోపల నీరు నిలిచే ఉంటుంది.

కొనేటప్పుడు, ఒక కారంతా చేయాలంటే స్ప్రే డబ్బాల కంటే గ్యాలన్ క్యాన్ మేలు. అది 3.78 లీటర్లు. చేతి పంపు సీసాలో పోసుకుంటే ఎక్కడ ఎంత పడుతోందో మన అదుపులో ఉంటుంది, పెద్ద భాగాలను పళ్లెంలో నానబెట్టనూ వచ్చు. ప్లగ్ రంధ్రాలు, తాళాల్లాంటి ఇరుకు చోట్లకు గొట్టం మడిచే రకం స్ప్రే డబ్బా ఒకటి పక్కన ఉంచుకోండి.