పెళ్లి ఆల్బమ్‌ల కంప్యూటర్‌కు రెండో ర్యామ్: నాలుగున్నరేళ్ల అనుభవం

మాది మలికిపురం. పెళ్లి ఫొటోలు తీయడం, ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా పని. 2021 ఆగస్టులో శ్రావణ మాసం ముహూర్తాలు ముంచుకొచ్చినప్పుడు నా డెస్క్‌టాప్‌కు రెండో 8 జీబీ ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు కంప్యూటర్ సమాచారం ఉంచుకునే మెమరీ పలక) కొన్నాను. ఆ కంప్యూటర్ మీదే ఈనాటికీ పని చేస్తున్నాను. ఇన్నేళ్ల సుఖం గురించి చెప్పడానికి నాలుగు మాటలు చాలు. మొదటి నెల పడిన కష్టమే వివరంగా చెప్పాలి, కొత్తగా ర్యామ్ వేసుకునేవాళ్లకు పనికొచ్చేది అదే.

ముందు నా అవసరం చెబుతాను. పెళ్లి ఆల్బమ్‌లో తెరిచిన షీటు 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన 3,600 చుక్కలు ఎత్తు, 10,800 చుక్కలు వెడల్పు. అంటే దాదాపు మూడు కోట్ల 89 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు మూడు బైట్లు వేసుకుంటే ఒక్క పొరకే సుమారు 117 మెగాబైట్లు. వెనుక డిజైను, దానిమీద ఆరేడు ఫొటోలు, పూల అంచు, పేర్లు అన్నీ కలిస్తే ఒక్క షీటే ఒక గిగాబైటు చుట్టూ తిరుగుతుంది. చేసిన మార్పులను వెనక్కి తీసుకోవడానికి ఫొటోషాప్ దాచుకునేది దీనికి అదనం. పైగా ఆ సాఫ్ట్‌వేర్ మనం మార్చకపోతే ఖాళీగా ఉన్న ర్యామ్‌లో 70 శాతం వరకే వాడుకుంటుంది. నా దగ్గరున్న 8 జీబీలో విండోస్ వాటా పోగా మిగిలేది ఎంత? మూడో షీటు తెరిచేసరికి ర్యామ్ చాలక ఫొటోషాప్ హార్డ్‌డిస్క్‌ను వాడుకోవడం మొదలుపెట్టేది. సేవ్ నొక్కి రెండున్నర నిమిషాలు కూర్చునేవాణ్ని.

మీకు ర్యామ్ అవసరమా, కాదా అన్నది కొనక ముందే తెలుసుకోవచ్చు. రోజూ చేసే పని చేస్తూనే విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ ఎంత శాతం నిండిందో చూడండి. నాకు 94, 95 చూపించేది. యాభై, అరవై దగ్గరే ఉండి కూడా కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే ర్యామ్ కొనడం దండగ, పాత హార్డ్‌డిస్క్ తీసి దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్కు వేసుకోండి. మా ఊళ్లోనే జిరాక్సు కొట్టు నడిపే మిత్రుడు 8 జీబీ వేయించుకుని, మూడు జీబీ చిల్లరే చూపిస్తోందని వాపోయాడు. తీరా చూస్తే ఆయన వాడేది 32 బిట్ విండోస్. అది నాలుగు గిగాబైట్లకు మించి వాడుకోలేదు. ర్యామ్‌లో ఏ లోపమూ లేదు.

ఇక కొనుగోలు. నాది 2019లో కొన్న కోర్ ఐ5 8400 ప్రాసెసర్, హెచ్310 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, ర్యామ్ పెట్టడానికి రెండే స్లాట్లు. ఈ బోర్డు డీడీఆర్4 తరం ర్యామ్‌ను 2666 వేగానికి మించి నడపదు. కొట్లో 3200 వేగం ఉన్నది చూపించి ఇదే మంచిదన్నారు. అది కూడా పనిచేస్తుంది, కానీ వేగం మాత్రం బోర్డు ఇచ్చినంతే. జతలో తక్కువ వేగం ఉన్న ర్యామ్ దగ్గరకే రెండూ దిగివస్తాయి కూడా. అందుకని పాత ర్యామ్‌కు సరిపోయేలా 2666 అడిగి తీసుకున్నాను. 3,200 రూపాయలైంది. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్థానంలో మరొకటి కూర్చోవు, గాడి వేర్వేరు చోట ఉంటుంది. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, అదీ డెస్క్‌టాప్‌కు పట్టదు. కొట్టుకు వెళ్లేముందు మూత తీసి పాత ర్యామ్ మీది చీటీని ఫోనులో ఫొటో తీసుకోండి. ఈ మాటలన్నీ గుర్తుపెట్టుకోవడం కంటే ఆ ఒక్క ఫొటో మేలు.

మాకు దగ్గర్లో పెద్ద కంప్యూటర్ కొట్లంటే భీమవరమే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, నరసాపురంలో దిగి, అక్కడి నుంచి బస్సు. తిరిగి వస్తూ పంటు మీద ఆ చిన్న డబ్బాను చొక్కా జేబులో పెట్టుకుని చేయి అడ్డం పెట్టుకున్నాను. ఆ రాత్రే బిగించాను. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద ఏమీ రాలేదు. ఆగి ఆగి బీప్ శబ్దం.

ఇక్కడ చాలామంది కొత్త ర్యామ్ పాడైందనుకుంటారు. నేను చేసింది చెబుతాను. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకున్నాను. రెండు ర్యామ్‌లూ తీశాను. పాతదాని కింది అంచున బంగారు రంగు పళ్లు మసకబారి, అక్కడక్కడా గోధుమ మరకలు పట్టి ఉన్నాయి. సముద్రం మాకు ఎంతో దూరం కాదు. కిటికీ ఊచలకు పట్టే తుప్పు, తాళం కప్పను బిగుసుకుపోయేలా చేసే ఉప్పుగాలి కంప్యూటర్ లోపలికి కూడా వెళ్తుంది. పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్లను ఒకే దిక్కుగా మెల్లగా రుద్ది, పొడి మిగలకుండా బ్రష్షుతో దులిపాను. తర్వాత స్లాటులో పెట్టి రెండు చివర్లా బొటనవేళ్లతో ఒత్తాను. మొదట ఒక పక్క క్లిప్పు మాత్రమే లేచి పట్టుకుంది. కంటికి కూర్చున్నట్లే కనిపించింది కానీ రెండో పక్క అర మిల్లీమీటరు పైకే ఉంది. ఇంకొంచెం బలంగా ఒత్తితే అప్పుడు టక్‌మని రెండో క్లిప్పు పడింది. స్విచ్ వేయగానే తెర వెలిగింది, 16 జీబీ కనిపించింది.

ఆ ఆనందంలో నేను చేసిన తప్పు, పరీక్షించకుండా మర్నాటి నుంచే పని మొదలుపెట్టడం. వారం గడిచింది. ఫొటోషాప్ చెప్పకుండా మూసుకుపోయేది. ఒకటి రెండుసార్లు నీలి తెర వచ్చి మెమరీ మేనేజ్‌మెంట్ అన్న మాట కనిపించింది. విండోస్ పాడైందనుకుని రెండుసార్లు కొత్తగా ఎక్కించాను. అసలు నష్టం ఆ తర్వాత బయటపడింది. ఒక పెళ్లి ఫొటోల్లో తలంబ్రాల వరుస తెరిస్తే, పెళ్లికూతురు ముఖం వరకు చక్కగా ఉంది. భుజం దగ్గర అడ్డగీత గీసినట్లు తెగి, అక్కడి నుంచి కిందికి చీర జరీ అంచంతా పాచి పట్టిన ఆకుపచ్చగా మారిపోయింది. అలాంటివి 37 తేలాయి.

జేపెగ్ ఫొటోలో చుక్కలు విడివిడిగా రాసి ఉండవు. కుదించి ఒక గొలుసులా రాసి ఉంటాయి. అందులో ఒక్క బిట్ (0 లేదా 1 అనే ఒక్క అంకె) తారుమారైతే దాని తర్వాత వచ్చేదంతా తప్పుగా చదవబడుతుంది. కార్డు నుంచి కంప్యూటర్‌లోకి కాపీ చేసేటప్పుడు ఫైలు ర్యామ్ గుండానే పోతుంది కాబట్టి, ర్యామ్ చెడ్డదైతే డిస్కులోకి చేరేది చెడిపోయిన ఫైలే. విడిగా మరో డిస్కులో దాచుకున్న కాపీ కూడా అదే కంప్యూటర్ మీద చేసింది కనుక అదీ అంతే. కెమెరాలోని ఒక కార్డును నేనింకా ఫార్మాట్ చేయలేదు. దాన్నుంచి 26 ఫొటోలు మళ్లీ తీసుకోగలిగాను. మిగిలిన 11 పోయాయి. ఆ ఇంటికి స్వయంగా వెళ్లి చెప్పాను. పెళ్లికూతురు తల్లి చాలాసేపు మాట్లాడలేదు. ఆమెకు మరోచోట నుంచి తెచ్చి ఇవ్వగలిగినవి కావు అవి.

ఆ రాత్రి మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. అది ఉచితంగా దొరుకుతుంది, విండోస్‌తో సంబంధం లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే మొదలవుతుంది. ర్యామ్‌లో రకరకాల నమూనాలు రాసి, తిరిగి చదివి, తేడా ఉంటే ఎర్రగా చూపిస్తుంది. రెండు ర్యామ్‌లూ ఉంచి నడిపితే నలభై నిమిషాలకు ఎర్ర వరుసలు మొదలయ్యాయి. అన్నిటిలోనూ తేడా ఒకే బిట్‌లో, ర్యామ్ లోపల దగ్గర దగ్గర చోట్లలో. అలా పదే పదే ఒకే చోట వస్తే దుమ్మునో వదులునో అనుమానించడం కంటే చిప్‌నే అనుమానించాలి. అయినా నిర్ధారణ కోసం ఒక్కో ర్యామ్‌ను ఒక్కో స్లాటులో విడిగా పెట్టి, మొత్తం నాలుగుసార్లు నడిపాను. రెండు రాత్రులు పట్టింది. పాతది రెండు స్లాట్లలోనూ శుభ్రంగా బయటపడింది. కొత్తది రెండింటిలోనూ తప్పింది. దానితో స్లాట్లది, బోర్డుది తప్పు కాదని తేలిపోయింది. విండోస్‌లోనే ఉన్న మెమరీ పరీక్షను అంతకుముందే నడిపి చూశాను. అది ఏ లోపమూ లేదంది. అందుకే దాని మాటను నేను నమ్మను.

రెండోసారి వానలో చించినాడ వంతెన మీదుగా బస్సులో వెళ్లాను. కొట్టతను ర్యామ్‌ను తన కంప్యూటర్‌లో పెట్టి, "విండోస్ వచ్చింది కదండీ, బాగానే ఉంది" అన్నారు.

"విండోస్ రావడం వేరు, ర్యామ్ బాగుండటం వేరండీ. నా పెన్‌డ్రైవ్ పెట్టి అరగంట ఆగండి" అన్నాను.

ఇరవై నిమిషాల్లో తెర ఎర్రబడింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని చివరిదాకా చూశారు. ఆ తర్వాత ఒక్క మాట ఎదురు చెప్పలేదు, బిల్లు చూసి సర్వీసు సెంటరుకు పంపారు. మూడు వారాలకు బదులు ర్యామ్ వచ్చింది. దాన్ని మాత్రం మెమ్‌టెస్ట్‌లో నాలుగు పాస్‌లు, అంటే మొత్తం పరీక్షను నాలుగుసార్లు, పూర్తిగా నడిపించి, ఒక్క తప్పూ లేదని చూశాకే పని ముట్టుకున్నాను. డెస్క్‌టాప్ ర్యామ్‌లకు చాలా కంపెనీలు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి. బిల్లు మీద అచ్చు మాత్రం ఏడాది తిరిగేసరికి చెరిగిపోతుంది, అందుకే ఫొటో తీసి ఉంచుకోండి. ర్యామ్ మీది చీటీ చింపితే వారంటీ పోతుందని కూడా మరవకండి.

ఆ బదులు ర్యామ్‌తో నాలుగేళ్లకు పైగా నడిచింది. సేవ్ కావడానికి ఇప్పుడు నలభై సెకన్లు. నాలుగు షీట్లు తెరిచి, పక్కన పాటలు పెట్టుకుని, బ్రౌజర్ కూడా వాడుతుంటే మెమరీ 70 శాతం దగ్గర ఉంటుంది. రెండు ర్యామ్‌లు రెండు చానళ్లలో ఉండటం వల్ల ప్రాసెసర్ రెండింటితోనూ ఒకేసారి మాట్లాడుతుంది. నాకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కనుక ఆ లాభం కొంత తెలిసింది. పెద్ద ఫొటోను దగ్గరకు లాగి చూసేటప్పుడు ఇదివరకటి కుదుపు తగ్గింది.

ఇబ్బంది ఒక్కసారే వచ్చింది. 2022 జులైలో గోదావరి వరదలప్పుడు కొన్నాళ్లు కంప్యూటర్ ముట్టుకోలేదు. గదంతా చెమ్మ. మళ్లీ స్విచ్ వేస్తే అదే పాత బీప్. ఈసారి రబ్బరు వాడలేదు. ఆ పళ్ల మీది బంగారు పూత చాలా పలుచన, పదే పదే రుద్దితే అరిగిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరబెట్టి పెడితే సరిపోయింది. అప్పటి నుంచి సీజను లేని రోజుల్లోనూ రోజుకో గంట కంప్యూటర్ వేసి ఉంచుతున్నాను. లోపలి వేడికి చెమ్మ నిలవదు. ఆ తర్వాత బీప్ వినలేదు.

ధర విషయం చెప్పాలి. నిరుటి చివర నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ డేటా కేంద్రాలకు మెమరీ చిప్‌లు పెద్ద ఎత్తున పోతున్నాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది కూడా. ఇలాంటి రోజుల్లో పాత ర్యామ్ కొనడానికి నేను వెనకాడను, కానీ కొట్లోనే పరీక్షించి చూపిస్తేనే కొంటాను.

రాజోలులో స్టూడియో పెట్టుకున్న మా మేనల్లుడికి వాడిన 8 జీబీ ర్యామ్ ఒకటి చూశాం. ఆదివారం ఇద్దరం భీమవరం వెళ్తున్నాం. అతని పాత ర్యామ్ మీది చీటీ ఫొటో నా ఫోనులో ఉంది, మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్ సంచీలో పెట్టాను. కొట్టతనికి ఫోను చేసి, ఒక కంప్యూటర్ మధ్యాహ్నం దాకా ఖాళీగా ఉంచమని చెప్పాను.