జాంబీలొస్తే ఊరు దాటడానికి ఏది మేలు: కారా, ఎక్స్‌ఎల్ బండా, సైకిలా?

నా ఓటు టీవీఎస్ ఎక్స్‌ఎల్‌కి. ఇంట్లో ఒక సైకిల్ కూడా ఉంటే ఇంకా నిశ్చింత.

కారులో తలుపులేసుకుని కూర్చుంటే భద్రంగా ఉంటామనిపిస్తుంది. అది బండి కదిలినంతసేపే. సంక్రాంతికి ముందు హైదరాబాద్ దాటాక పంతంగి టోల్‌గేట్ దగ్గర ఏమవుతుందో మనకు తెలుసు. వెనక ఎవరూ తరమకపోయినా, పండక్కి ఊరెళ్లేవాళ్లతోనే విజయవాడ రోడ్డు నిండిపోతుంది. ఇక ఊరు ఊరంతా ఒకేసారి బయల్దేరితే ఎల్బీ నగర్ దాటడమే గగనం. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉందిగా అనొచ్చు. దాని మీదికి ఎక్కాలన్నా దిగాలన్నా ఇంటర్‌ఛేంజ్ దగ్గరే. ముందు ఒక లారీ అడ్డం తిరిగిందంటే వెనకున్నవాళ్లంతా ఇరుక్కున్నట్టే. నడవలేని పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇంటికి మాత్రం కారు తప్పదు. అలాంటివాళ్లు వార్త చెవినపడగానే, ఇంకా నిజమా కాదా అని జనం మాట్లాడుకుంటుండగానే కదలాలి.

ఎక్స్‌ఎల్ 100 ట్యాంకులో 4 లీటర్లు పడుతుంది. లీటరుకు 50 కిలోమీటర్లే వచ్చినా వరంగల్ దాటిపోవచ్చు. కాళ్ల దగ్గర బియ్యం మూట, వెనక సీటు తీసేస్తే పాల క్యాన్లు: మన ఊళ్లలో రోజూ దాని మీద మోసేది ఇదే. గల్లీల్లోంచి, పొలం గట్ల పక్క బాటల్లోంచి దూరిపోతుంది. లోటు పెట్రోలు. కరెంటు లేకపోతే బంకులో నేల కింద ట్యాంకు నిండా ఉన్నా పంపు పనిచేయదు. అలాగని ఇంట్లో క్యాన్లు నింపి దాచొద్దు, అగ్గి ప్రమాదం. బండి ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకుంటే చాలు.

జాంబీ కథలన్నిటిలో చప్పుడే ప్రాణాల మీదికి తెస్తుంది. అక్కడ సైకిల్‌ను మించింది లేదు. టైరు పోయినా మూటలు కట్టి తోసుకుపోవచ్చు. పంక్చర్ సొల్యూషన్, ప్యాచ్‌లు, గాలి పంపు వెంట ఉండాలి. కానీ బంజారాహిల్స్ ఎత్తుల్లో బరువుతో తొక్కడం అందరివల్లా కాదు.

సరుకుల్లో బియ్యం కన్నా అటుకులు మేలు. బియ్యానికి పొయ్యి కావాలి, సమయం కావాలి. కుక్కర్ విజిల్ వీధి చివరిదాకా వినిపిస్తుంది. అటుకులు చన్నీళ్లలో నానితే చాలు. బెల్లం, వేయించిన పల్లీలు, పుట్నాలు, ప్లాస్టిక్ డబ్బాలో ఆవకాయ కలిస్తే నలుగురికి కొన్నాళ్లు గడుస్తుంది.

అసలు కష్టం నీళ్లతోనే. నగరానికి కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్ల పైనుంచి పంపులతో ఎత్తిపోస్తే వస్తున్నాయి. కరెంటు ఆగితే నల్లా ఆగుతుంది. మనిషికి రోజుకు 3 లీటర్లనుకున్నా నలుగురికి మూడు రోజులకు 36 కిలోల బరువు. అంత మోయడానికే నేను ఎక్స్‌ఎల్ అంటున్నది. ఆ తర్వాత చెరువు నీళ్లే గతి. గుడ్డతో వడకట్టి, తెర్లేదాకా మరిగించాలి. మంట పెట్టలేని చోట క్లోరిన్ బిళ్లలు వాడాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు మంచినీళ్లలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, తలకొట్టిన కొలతతో కలిపి తాగించాలి. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం నెలకు సరిపడా ఇప్పుడే విడిగా కట్టిపెట్టండి, దారిలో అవి దొరకవు.